చెరువు నీళ్లకు 16ఎస్ పరీక్ష: డబ్బు ఎక్కడ గిట్టుతుంది, ఎక్కడ పోతుంది

భీమవరం చుట్టుపక్కల వెనామీ రొయ్యల చెరువులకు 16ఎస్ పరీక్ష (నీళ్లలో, రొయ్యలో ఏయే బ్యాక్టీరియా ఏ వాటాలో ఉన్నాయో జన్యువును చదివి చెప్పేది) చేసిపెట్టే ల్యాబుల్లో ఒకదాని సర్వీసు మీద ఈ సమీక్ష. ముందే తేల్చి చెప్పాలంటే శాంపిల్ తీసుకెళ్లే ఏర్పాటు బాగుంది, డీఎన్‌ఏ తీసే పని బాగుంది, రిపోర్టు మాత్రం చదివినవాడిని పక్కదారి పట్టించేలా ఉంది. విబ్రియో అనే బ్యాక్టీరియాను పెంచి లెక్కపెట్టే టీసీబీఎస్ ప్లేటు వందల్లో అయిపోయే పని, ఇది వేలల్లో. చెరువులో రొయ్య గట్టుకొచ్చి చస్తుంటే ఈ పరీక్షకు పరుగెత్తడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. రిపోర్టు చేతికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. నీళ్లు కట్టిన కొత్తలో ఒకసారి, నలభై రోజుల మీద ఒకసారి తీయించి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునేవాళ్లకు మాత్రం పెట్టిన డబ్బుకు పని జరుగుతుంది.

కిట్ థర్మోకోల్ డబ్బాలో వస్తుంది. అర లీటరు స్టెరైల్ సీసాలు, 60 మిల్లీలీటర్ల సిరంజి, 0.22 మైక్రాన్ ఫిల్టర్లు, 95 శాతం ఇథనాల్ పోసిన చిన్న గొట్టాలు, ఒక ఫారం. గొట్టాల్లో ఫార్మలిన్ కాకుండా ఇథనాల్ పోసి పంపడం దగ్గరే వీళ్లకు పని తెలుసని అర్థమవుతుంది. ఫార్మలిన్ డీఎన్‌ఏను ప్రోటీన్లతో అతికించేసి ముక్కలు చేస్తుంది. మైక్రోస్కోపు కింద కణజాలం చూడ్డానికి వాడే డేవిడ్‌సన్ ద్రావణం కూడా అంతే, అందులో ఆమ్లం ఉంటుంది. ఒకే రొయ్యను రెండు పరీక్షలకూ పంపాలంటే ముక్కలు విడిగా, గొట్టాలు విడిగా పెట్టాల్సిందే.

ఫిల్టర్ల దగ్గర చిక్కు ఉంది. నీళ్లు బాగా పచ్చగా ఉన్న చెరువులో 0.22 మైక్రాన్ ఫిల్టరు వంద మిల్లీలీటర్లకే మూసుకుపోతుంది. అప్పుడు సిరంజిని గట్టిగా నొక్కితే పొర చిరిగిపోతుంది, పైకి మాత్రం ఏమీ తెలియదు. నీళ్లు ఉన్నట్టుండి తేలిగ్గా దిగడం మొదలైతే చిరిగిందనే లెక్క, ఆ ఫిల్టరు పారేయాలి. ఎన్ని మిల్లీలీటర్లు దిగాయో ఫారం మీద రాయాలి. ఫారంలో ఆ గడే లేదు, అంచున రాయాల్సి వస్తోంది. ఇది చిన్న లోపం కాదు, ఒక చెరువుకు వంద, ఇంకో చెరువుకు నాలుగు వందలు వడకట్టి రెంటినీ పోల్చుకుంటే అరుదుగా ఉండే బ్యాక్టీరియా లెక్క తారుమారవుతుంది.

ఇంకా, పొద్దున మేత వేయకముందే, ప్రతిసారీ అదే వేళకు, అదే మూల నుంచి, మోకాలి లోతులో తీయాలి. బెల్లం, తవుడు కలిపి రాత్రంతా పులియబెట్టిన ప్రోబయాటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా సరుకు) చల్లిన మర్నాడు శాంపిల్ తీస్తే రిపోర్టులో కనబడేది చెరువు కాదు, ఆ డ్రమ్ము.

హెచ్‌పీ (రొయ్య తలలోని జీర్ణగ్రంథి, హెపటోపాంక్రియాస్), గట్ (పేగు) పంపాలంటే రొయ్యను ఐసులో వేసి కదలిక ఆగాక పైన 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, తల చిప్ప లేపి, హెచ్‌పీని విడిగా, పేగును వెనక నుంచి తెగకుండా లాగి విడిగా వేయాలి. ఒక్కో గొట్టంలో 25 మిల్లీగ్రాములు చాలు. గోరంత ముక్క. ఎక్కువ వేస్తే ఎక్కువ డీఎన్‌ఏ వస్తుందనుకోవడం పొరపాటు. ఇథనాల్ లోపలిదాకా పోదు, హెచ్‌పీలోని ఎంజైములు ఆలోపే దాన్ని కరిగించేస్తాయి.

పరీక్ష దేన్ని చూస్తుందో తెలియకపోతే రిపోర్టులో ఏది నమ్మాలో తెలియదు. 16ఎస్ అనేది బ్యాక్టీరియా రైబోజోములోని ఒక ఆర్‌ఎన్‌ఏ. ప్రోటీను తయారయ్యేది రైబోజోములోనే. దానికి రెండు భాగాలు. చిన్న భాగంలో 16ఎస్, పెద్ద భాగంలో 23ఎస్, 5ఎస్ ఉంటాయి. పొడవు పేగుల్లో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియా లెక్కలో 16ఎస్‌కు 1542 అక్షరాలు (న్యూక్లియోటైడ్లు), 23ఎస్‌కు 2904, 5ఎస్‌కు 120. బరువులో చూస్తే బ్యాక్టీరియా రైబోజోములో దాదాపు మూడింట రెండు వంతులు ఈ ఆర్‌ఎన్‌ఏదే, మిగతాది ప్రోటీన్లు.

చాలాకాలం అసలు పని ప్రోటీన్లదనీ, ఆర్‌ఎన్‌ఏ వాటిని పట్టి ఉంచే చట్రమనీ అనుకున్నారు. అది తలకిందులైంది. 1992లో హ్యారీ నోలర్ బృందం పెద్ద భాగంలోంచి ప్రోటీన్లలో చాలావరకు తీసేసినా అమైనో ఆమ్లాలను కలిపే శక్తి పోలేదని చూపించింది. 2000లో థామస్ స్టైట్జ్ బృందం ఆ పెద్ద భాగం నిర్మాణాన్ని పరమాణువుల స్థాయిలో బయటపెట్టింది. అమైనో ఆమ్లాలు ముడిపడే చోటికి 18 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కోటి మిల్లీమీటరులో కోటో వంతు) లోపు ప్రోటీనన్నదే లేదు. ఉన్నదంతా 23ఎస్ ఆర్‌ఎన్‌ఏ. నరసాపురం లేసు అల్లేవాళ్లను చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ముడి వేసేది సూది కొక్కెం, వేళ్లు దాన్ని పట్టి నిలబెడతాయి. ఇక్కడ కొక్కెం ఆర్‌ఎన్‌ఏ, వేళ్లు ప్రోటీన్లు.

చిన్న భాగంలోని 16ఎస్‌ది లెక్క సరిచూసే పని. జన్యువు సందేశాన్ని మోసుకొచ్చే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ మొదలవ్వాలో 16ఎస్ తన కొస అక్షరాలతో దాన్ని జత చేసి పట్టుకుంటుంది. తర్వాత ఒక్కో మూడక్షరాల మాటకు సరైన టీఆర్‌ఎన్‌ఏ (అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చేది) వచ్చిందో లేదో తడిమి చూస్తుంది. ఆ తడిమేవి 1492, 1493 స్థానాల్లోని రెండు ఎడినిన్లు (‘ఎ’ అక్షరాలు). మాట, దానికి జత సరిగ్గా కుదిరితే అవి రెండూ బయటికి తిరిగి ఆ జత పక్కన ఒదుగుతాయి, కుదరకపోతే ఒదగలేవు. దీన్ని 2001లో వెంకట్రామన్ రామకృష్ణన్ బృందం చూపించింది. చిదంబరంలో పుట్టిన ఈయనకు, స్టైట్జ్‌కు, అడా యోనాత్‌కు కలిపి 2009లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇలాంటి పని చేసే చోట ఒక్క అక్షరం మారినా ప్రోటీన్లన్నీ తప్పుగా తయారవుతాయి, ఆ బ్యాక్టీరియా బతకదు. అందుకే కోట్ల ఏళ్లయినా ఆ అక్షరాలు మారలేదు. పనితో అంత సంబంధం లేని చోట్ల మాత్రం ఒక్కో జాతికి ఒక్కోలా మారాయి. మారని చోట ప్రైమర్ (అక్కడ అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్క) తగిలించి మారిన చోటును చదవడమే 16ఎస్ పరీక్ష. పూర్తి పొడవు పరీక్షలో వాడే వెనకవైపు ప్రైమర్ పేరు 1492ఆర్. ఆ అంకె కాకతాళీయం కాదు. పైన చెప్పిన 1492, 1493 ఎడినిన్ల దగ్గర మొదలై పదిహేను ఇరవై అక్షరాల దాకా అతుక్కునే ప్రైమర్ అది. మొగల్తూరు చెరువులోని బ్యాక్టీరియా అయినా, మన పేగులోదైనా ఆ చోట దాదాపు ఒకేలా ఉంటుందన్న నమ్మకం మీదే పరీక్ష మొత్తం నిలబడింది.

ల్యాబు రెండు రకాలు అమ్ముతోంది. చౌకది వీ3-వీ4 ముక్క (16ఎస్‌లో మారే చోట్లలో రెండు), సుమారు 460 అక్షరాలు, ఇల్యూమినా యంత్రం మీద. ఖరీదైనది 27ఎఫ్ (ముందువైపు ప్రైమర్) నుంచి 1492ఆర్ దాకా దాదాపు 1500 అక్షరాలు, నానోపోర్ యంత్రం మీద. చౌకదానికి ఒప్పుకునే ముందు రీడ్ (యంత్రం ఒక్కసారికి చదివే అక్షరాల వరుస) పొడవు ఎంతో అడగాలి. రెండు వైపుల నుంచీ 300 చొప్పున చదివితే 460 అక్షరాల ముక్క మధ్యలో 140 అక్షరాలు కలిసి హాయిగా అతుకుతుంది. 250 చొప్పున చదివితే కలిసేది నలభై, చివర్లలో నాణ్యత పడిపోయిన అక్షరాలు కోసేశాక అది కూడా మిగలదు. రిపోర్టులో మొదటి పేజీలో మొత్తం రీడ్లు, అతికాక మిగిలిన రీడ్లు ఉంటాయి. రెండో అంకె మొదటిదాంట్లో సగం కూడా లేకపోతే అతుకు తప్పిందన్నమాట, ఉచితంగా మళ్లీ చేయమని అడిగే హక్కు ఉంది.

జాతి పేరు దగ్గర రెండూ తడబడతాయి. విబ్రియోల్లో పారాహీమోలిటికస్, ఆల్జినోలిటికస్, హార్వేయి వంటి దగ్గరి చుట్టాల 16ఎస్ దాదాపు ఒకటే. ల్యాబు మాత్రం రిపోర్టులో జాతి పేరు నిబ్బరంగా అచ్చు వేస్తోంది. ‘విబ్రియో’ అనే మాట దాకా నమ్మి, దాని పక్కన ఉన్న రెండో పేరును పెన్సిలు రాతగా చూడాలి. ఈఎంఎస్ (చిన్న వయసులోనే మూకుమ్మడిగా చావడం) అని రైతులు పిలిచే జబ్బును తెచ్చే విబ్రియోకు విషం వచ్చేది దాదాపు 70 వేల అక్షరాల ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే డీఎన్‌ఏ చుట్ట) మీద ఉన్న పిర్-ఎ, పిర్-బి జన్యువుల నుంచి. ఆ ప్లాస్మిడ్ ఉన్నదాని 16ఎస్, లేనిదాని 16ఎస్ తేడా లేకుండా ఉంటాయి. విషం సంగతి తేల్చాలంటే ఆ జన్యువులకే పీసీఆర్ (ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్కను నకళ్లుగా పెంచి పట్టే పరీక్ష) చేయాలి. అది చౌక, ఒక్క రోజులో తేలుతుంది.

ఇక శాతాలు. రిపోర్టు మీద రంగు రంగుల పట్టీల్లో ఎర్రగా ‘విబ్రియో 55 శాతం’ అని కనబడితే ఎవరికైనా గుండె జారుతుంది. బ్యాక్టీరియాలన్నిట్లో 16ఎస్ జన్యువు ఒకే సంఖ్యలో ఉండదు. త్వరగా పెరిగేవాటికి రైబోజోములు ఎక్కువ కావాలి, అందుకని అవి ఆ జన్యువుకు నకళ్లు ఎక్కువ పెట్టుకుంటాయి. ఇ.కోలైకి 7, విబ్రియో పారాహీమోలిటికస్‌కు 11, సముద్రపు నీళ్లలో నెమ్మదిగా పెరిగే చాలా బ్యాక్టీరియాకు ఒక్కటే. వెయ్యి కణాల్లో వంద ఈ విబ్రియోవి, తొమ్మిది వందలు ఒక నకలు ఉన్నవి అనుకోండి. నకళ్లు లెక్కేస్తే విబ్రియోవి 1100, మిగతావి 900. పట్టీ మీద విబ్రియో 55 శాతమని పడుతుంది, చెరువులో నిజంగా ఉన్నది పది శాతం. ఈ సవరణ చేశారా అని ల్యాబును అడిగితే వచ్చే జవాబు సూటిగా ఉండదు. చేయలేదనే అనుకుని చదవాలి. మొదటి రిపోర్టుతో రెండోదాన్ని పోల్చితే ఈ పొరపాటు రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి పెరిగిందా తగ్గిందా అన్నది మాత్రం నమ్మొచ్చు. ఒకే రిపోర్టు పట్టుకుని శానిటైజర్ కొనడానికి పరుగెత్తకూడదు. దాని బదులు అదే రోజు టీసీబీఎస్ ప్లేటు మీద ఆకుపచ్చ, పసుపు కాలనీలు లెక్కపెట్టించి పక్కన పెట్టుకోవాలి. ప్లేటు మిల్లీలీటరుకు ఎన్నో చెబుతుంది, 16ఎస్ మొత్తంలో వాటా ఎంతో చెబుతుంది. రెండూ వేరు వేరు ప్రశ్నలు.

ఈ ల్యాబు చేసిన పెద్ద తప్పు ఇంకోటి. పచ్చనీళ్ల చెరువు రిపోర్టులో ‘సయనోబ్యాక్టీరియా’ పట్టీ పొడుగ్గా వచ్చింది, కింద ‘నీలి ఆకుపచ్చ శైవలాలు పెరిగాయి, చర్య తీసుకోండి’ అని సలహా. అదే ఫైలు లోపలి పట్టికలో చూస్తే ఆ వరుసకు ఎదురుగా ‘క్లోరోప్లాస్ట్’ అని ఉంది. పచ్చ శైవలాల కణాల్లో, డయాటముల్లో (చెరువుకు మేలు చేసే సూక్ష్మ శైవలాలు) ఉండే క్లోరోప్లాస్టు ఒకప్పటి సయనోబ్యాక్టీరియా వారసురాలు, దానికి సొంత రైబోజోములు, సొంత 16ఎస్ ఉన్నాయి. ప్రైమర్ దాన్నీ పట్టేస్తుంది. డేటాబేసులు దాన్ని సయనోబ్యాక్టీరియా గూట్లోనే పెడతాయి. దాన్ని తీసేశాక శాతాలు వేయడం ఏ ల్యాబుకైనా మొదటి పాఠం. తీయకపోతే డయాటములతో కళకళలాడే మంచి చెరువుకు జబ్బు ముద్ర పడుతుంది, పెట్టిన మందు డబ్బు పోతుంది, ఆపైన ఆక్సిజన్ కూడా పడిపోతుంది. రొయ్య గట్‌లో కూడా ఇలాగే రొయ్య సొంత మైటోకాండ్రియా రీడ్లు వస్తాయి, వాటినీ తీసేయాలి. పీడీఎఫ్‌తో పాటు ఎక్సెల్ పట్టిక అడిగి తీసుకోవడం తప్పనిసరి. అడిగితే ఇస్తున్నారు, అడగకపోతే ఇవ్వడం లేదు.

మెచ్చుకోవాల్సింది కూడా ఉంది. డీఎన్‌ఏ తీసేటప్పుడు గాజు పూసలతో గట్టిగా గిలక్కొట్టే పద్ధతి వాడుతున్నారు. అది లేకపోతే ప్రోబయాటిక్‌లోని బాసిల్లస్ బీజాలు పగలవు, చల్లిన సరుకు రిపోర్టులో కనిపించదు, కంపెనీవాడు మోసం చేశాడని అనవసరంగా నింద. చెరువు అడుగు బురదలోని హ్యూమిక్ (కుళ్లిన చెత్త నుంచి వచ్చే) పదార్థాలు పీసీఆర్‌ను ఆపేస్తాయని తెలిసి, బురద శాంపిళ్లను పది రెట్లు పలచన చేసి మళ్లీ నడుపుతున్నారు. ప్రతి బ్యాచిలో ఏమీ వేయని బ్లాంకు గొట్టం కూడా నడుపుతామని చెబుతున్నారు, కాకపోతే దాని ఫలితం రిపోర్టులో పెట్టడం లేదు. రసాయన కిట్లలోనే రాల్స్‌టోనియా, బ్రాడీరైజోబియం వంటివాటి డీఎన్‌ఏ ఆనవాళ్లు ఉంటాయి. గట్ లాంటి చిన్న శాంపిల్లో అవే పైకి తేలతాయి. బ్లాంకు అడగాలి.

ప్రోబయాటిక్ ప్యాకెట్లో ఏముందో చూపిస్తామని అమ్మే విడి పరీక్ష మాత్రం సగమే పనికొస్తుంది. ప్యాకెట్లో బాసిల్లస్ ఉందా, దాని పేరుతో వేరేదేదైనా నింపారా అన్నది తేలుతుంది. సబ్టిలిస్ అని లేబుల్ మీద ఉంటే అది నిజంగా సబ్టిలిసా, దాని దగ్గరి బంధువా అన్నది తేలదు, ఎందుకంటే ఆ గుంపులో 16ఎస్ 99 శాతం పైగా ఒకటే. దానికి గైరేజ్-బి జన్యువు చదవాలి. ఆ సేవ వీళ్ల దగ్గర లేదు.

పరీక్ష అసలు చూడలేనివి రెండు. తెల్లమచ్చ వైరస్‌కు రైబోజోమే లేదు, రొయ్య కణంలోని రైబోజోములతోనే తన ప్రోటీన్లు చేయించుకుంటుంది. రైబోజోము లేనిదానికి రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ లేదు, కాబట్టి ఈ రిపోర్టు ఎంత శుభ్రంగా ఉన్నా వైట్ స్పాట్ లేదని కాదు. రెండోది ఈహెచ్‌పీ. రొయ్య హెచ్‌పీలో బతికి పెరుగుదలను దెబ్బతీసే ఈ పరాన్నజీవి మైక్రోస్పోరిడియా (శిలీంధ్రాలకు దగ్గరి గుంపు), బ్యాక్టీరియా కాదు. దాని చిన్న భాగం ఆర్‌ఎన్‌ఏ బ్యాక్టీరియా అంత పొట్టిగా కుంచించుకుపోయినా, బ్యాక్టీరియా ప్రైమర్లు దానికి అతకవు. ఈహెచ్‌పీకి విడిగా పీసీఆర్ చేయించాలి. అక్కడా రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ పేచీ ఉంది. మొదట్లో వచ్చిన పరీక్ష చిన్న భాగం ఆర్‌ఎన్‌ఏ జన్యువునే వెతికేది, దగ్గరి చుట్టాలైన వేరే మైక్రోస్పోరిడియాకు కూడా పాజిటివ్ చూపేది. బీజం పైపొర ప్రోటీను జన్యువును వెతికే పద్ధతి 2016లో వచ్చింది, అది ఎక్కువ నిక్కచ్చి. ఏ పద్ధతో అడిగితే ఈ ల్యాబు వెంటనే చెప్పింది, రెండోదే వాడుతున్నారు.

రిపోర్టు చివర ‘మందుల నిరోధకత అంచనా’ అని ఒక పేజీ కలిపి దానికీ డబ్బు తీసుకుంటున్నారు. అది వద్దని చెప్పేయొచ్చు. 16ఎస్ చూసి ఫలానా బ్యాక్టీరియాకు ఫలానా జన్యువులు ఉండొచ్చని లెక్క కట్టిన ఊహ అది, కొలిచినది కాదు. ఆక్సీటెట్రాసైక్లిన్ వెళ్లి కూర్చునేది 16ఎస్ మీదే, టీఆర్‌ఎన్‌ఏ వచ్చి దిగాల్సిన చోట. క్లోరాంఫెనికాల్ 23ఎస్‌లో అమైనో ఆమ్లాలు ముడిపడే చోటే అడ్డుపడుతుంది. అయినా ఆక్సీటెట్రాసైక్లిన్‌కు నిరోధకత ఎక్కువగా వచ్చేది మందును బయటికి తోసే పంపుల నుంచో, రైబోజోము మీద నుంచి దాన్ని ఊడబెరికే ప్రోటీన్ల నుంచో. అవన్నీ వేరే జన్యువులు, ప్లాస్మిడ్ల మీద ఇంటింటికీ తిరుగుతుంటాయి. 460 అక్షరాల ముక్కలో వాటి జాడ ఉండదు. మైటోకాండ్రియాలోని రైబోజోములు బ్యాక్టీరియావాటిని పోలినవే కాబట్టి క్లోరాంఫెనికాల్ మనిషి ఎముక మజ్జను కూడా దెబ్బతీస్తుంది. ఎగుమతి రొయ్యలో దాని ఆనవాలు కనబడితే సరుకు వెనక్కి రావడానికి కారణం అదే. ఏ పేజీలో ఏ అంచనా ఉన్నా మేతలో అది కలిపే మాట రాకూడదు.

చివరగా ‘బతికున్న బ్యాక్టీరియా’ పరీక్ష. మామూలు 16ఎస్ పరీక్ష జన్యువును చూస్తుంది, చచ్చినవాటి డీఎన్‌ఏ కూడా లెక్కలోకి వస్తుంది. బ్లీచింగ్ కొట్టిన మూడో రోజు రిపోర్టు అందుకే ముందులాగే కనబడుతుంది. జన్యువు బదులు ఆర్‌ఎన్‌ఏనే తీసి, దాన్ని డీఎన్‌ఏగా తిప్పి చదివితే పనిలో ఉన్నవే ఎక్కువగా కనిపిస్తాయి. కణంలోని ఆర్‌ఎన్‌ఏలో 80 శాతం దాకా రైబోజోములదే కాబట్టి సరుకుకు కొదవ ఉండదు, అది నిలవ ఉండకపోవడమే ఇబ్బంది. రోహిణి కార్తె ఎండలో గట్టు మీద పది నిమిషాలు ఆలస్యమైతే ముక్కలైపోతుంది. ఇథనాల్ గొట్టం దీనికి చాలదు, ఆర్‌ఎన్‌ఏను కాపాడే గాఢమైన ఉప్పు ద్రావణం గొట్టం విడిగా అడగాలి, అందులో ముంచి రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచి తర్వాతే గడ్డ కట్టించాలి.

నీళ్ల శాంపిళ్లకు ఇది సరిగ్గానే చేశారు. రొయ్య గట్ శాంపిళ్లను మాత్రం ‘ఆర్‌ఎన్‌ఏ పాడైంది, మళ్లీ పంపండి’ అని వెనక్కి కొట్టి, రెండోసారికి బిల్లు వేశారు. పాడైందని వాళ్లు చూపిన ఆధారం ఆర్‌ఎన్‌ఏను పొడవు బట్టి విడదీసి చూపే చిప్ మీద 28ఎస్ గీత కనబడకపోవడం, 18ఎస్ ఒక్కటే ఉండటం (ఇవి రొయ్య సొంత రైబోజోము ఆర్‌ఎన్‌ఏలు, 28ఎస్ పెద్దది). ఎలుక, మనిషి శాంపిల్లో అయితే ఆ తీర్పు సరైనదే. రొయ్యలాంటి కీళ్లకాళ్ల జీవుల్లో చాలావాటికి 28ఎస్ మధ్యలో పుట్టుకతోనే ఒక తెగు ఉంటుంది. రెండు ముక్కలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, చిప్‌లో పెట్టే ముందు 70 డిగ్రీలకు వేడి చేయగానే విడిపోయి రెండూ 18ఎస్ పక్కకు వచ్చి కూర్చుంటాయి. యంత్రం దానికి తక్కువ మార్కులు వేస్తుంది, ఆర్‌ఎన్‌ఏ మాత్రం చెక్కుచెదరకుండానే ఉంటుంది. ‘రొయ్య శాంపిల్, వేడి చేయకుండా చూడండి’ అని ఫారం మీద పెద్దక్షరాలతో రాసి పంపితే 28ఎస్ గీత దాని చోట అది కనిపిస్తుంది, రెండో బిల్లు రాదు.